సీసం లేని సరుకు

నీలిమా సర్క్యూట్స్ గేటు పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక మాట రాసి ఉండేది: 'ఇక్కడ తయారయ్యే సరుకులో సీసం లేదు.' అది అబద్ధమని ఎవరైనా అంటే వాళ్ళ నోరు పడిపోవాలి. సరుకులో నిజంగానే సీసం లేదు. ఏ దేశం వాళ్ళు వచ్చి ఏ యంత్రం పెట్టి చూసుకున్నా లేదు. లేకుండా చేసింది వకుళ.

ఏర్పేడు దాటాక కొండల వారగా వెలిసిన పారిశ్రామిక వాడలో ఉండేదా ఫ్యాక్టరీ. కొత్త చిప్పులకు ప్రపంచమంతటా కరువొచ్చిన కాలం అది. పాత టీవీలు, పాత కంప్యూటర్లు, ఆస్పత్రుల్లో మూలపడ్డ యంత్రాలు కంటైనర్లలో వచ్చి ఇక్కడ దిగేవి. వాటి బోర్డుల మీది చిప్పులు ఊడదీసి, శుభ్రం చేసి, కొత్త బోర్డులకు అతికించి మళ్ళీ పడమటి దేశాలకు పంపేవాళ్ళు. చిక్కల్లా ఒక్కటే. పాతకాలపు చిప్పుల కాళ్ళకు అంటుకున్న టంకంలో, అంటే అతుకు లోహంలో, సీసం ఉంటుంది. కొనేవాళ్ళ చట్టం ప్రకారం పది లక్షల పాళ్ళలో వెయ్యి పాళ్ళు మించి సీసం ఉండకూడదు. బోర్డు మొత్తాన్ని తూకం వేసి సగటు చూపిస్తామంటే కుదరదు. టంకం లెక్క టంకానిదే, ప్లాస్టిక్ లెక్క ప్లాస్టిక్‌దే. ఆవగింజంత టంకంలో హద్దు దాటినా కంటైనర్ మొత్తం తిరుగు టపాలో వచ్చేది. అలా వరసగా వెనక్కి రావడం మొదలయ్యాక యజమాని జయచంద్ర బి.పి. మాత్రల్లో పడ్డాడు.

వకుళ ఆ కంపెనీ లాబ్‌కు పెద్ద. సరుకు చట్టానికి లోబడి ఉందని సంతకం పెట్టాల్సిందీ ఆమే. ఆమె ఒకరోజు జయచంద్రను లాబ్‌కు పిలిచి ఒక స్టీలు పళ్ళెం ముందు కూర్చోబెట్టింది. పళ్ళెంలో, ఆమె లాబ్‌లోనే తయారుచేసిన, నిలవనీటి మీద కట్టే పాచిలాంటిది పచ్చగా తేలుతోంది.

ముందు ఒక పాత చిప్పుకు గన్ ఆనించి చూపింది. గన్ అంటే తుపాకీ ఆకారంలో ఉండే ఎక్స్‌రే పరికరం. వస్తువుకు ఆనించి మీట నొక్కితే అందులో ఏ లోహం ఎంతుందో అంకెల్లో చెబుతుంది. హద్దు లోపల ఉంటే పచ్చ దీపం, దాటితే ఎర్ర దీపం. ఎర్ర దీపం వెలిగింది. చిప్పును పాచిలో ముంచింది. ఇద్దరూ టీ తాగేలోపు పచ్చటి పాచి బొగ్గులా నల్లబడింది. చిప్పు తీసి, కడిగి, మళ్ళీ గన్ ఆనించింది. పచ్చ దీపం. సీసం సున్నా.

"ఏం చేసింది వకుళమ్మా ఇది?" అన్నాడు జయచంద్ర.

"సీసాన్ని తినేసింది సార్. తిన్నచోట కాస్త సున్నం పెట్టి పోయింది. సున్నాన్ని కడిగేస్తే సరి."

"దీనికి కడుపు నిండిపోతే?"

వకుళ నవ్వి, నల్లబడ్డ పాచిని సున్నపుతేట గిన్నెలో వేసింది. నల్లటి మడ్డి అడుక్కి దిగింది. పైన పాచి మళ్ళీ పచ్చగా తేలింది. "సున్నం కనపడితే చాలు సార్, సీసాన్ని కక్కేసి సున్నం తాగేస్తుంది. మళ్ళీ ఆకలి పుడుతుంది. ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు."

జయచంద్ర లేచి నిలబడి ఆమెకు దండం పెట్టాడు. ఆ మడ్డి ఎక్కడికి పోతుందని ఆయన అడగలేదు. డ్రమ్ముల్లో పోసి లారీ ఎక్కిస్తారని వకుళకు తెలుసు. లారీ ఎక్కాక ఎక్కడికని ఆమె కూడా అడగలేదు. సరుకులో లేకపోతే చాలు, చట్టం అడిగేది అంతవరకే. సీసం ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోవడమే తప్ప మాయమైపోయే వస్తువు కాదని చిన్నపిల్లలకు పాఠం చెప్పగల మనిషి, ఆరోజు ఇంకొక్క అడుగు ముందుకేసి ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది.

కంపెనీ కాగితాల్లో దానికి 'హరిత స్నానం' అని పేరు పెట్టారు. పనిచేసే ఆడవాళ్ళు మాత్రం దాన్ని పాచి అనే అన్నారు. చిప్పుల్ని ముంచి, ఆరబెట్టి, దులిపే హాలుకు పాచిగది అని పేరు స్థిరపడిపోయింది.

ఆ పాచిగదిలో ఉద్యోగానికి వకుళ తన చెల్లెలు అలివేలును తనే తీసుకొచ్చి పెట్టింది.

తల్లి పోయేనాటికి అలివేలుకు పాలపళ్ళు ఊడుతున్నాయి. అప్పటి నుంచి దానికి తల దువ్విందీ, అన్నం కలిపి పెట్టిందీ, మొట్టికాయలు వేసిందీ వకుళే. చెల్లెలి కోసం పెళ్ళి మానుకుందని చుట్టాలు ఆమెను తెగ పొగుడుతారు. అదేం కాదు, వకుళకు పెళ్ళి మీద మొదట్నుంచీ మోజు లేదు. కానీ ఆ పొగడ్తను కాదనలేదు, చెల్లెలి మీద పెత్తనానికి అది బాగా పనికొచ్చింది. అలివేలుకు మునిశేఖర్ అనే వ్యాను డ్రైవరును చూసి పెళ్ళి చేసింది. పొద్దున్నే పనివాళ్ళను ఊళ్ళ నుంచి ఎక్కించుకుని కంపెనీకి తెచ్చే వ్యాను అతనిది. పాచిగదిలో కూర్చుని చేసే పని, చల్లగా ఏసీ ఉంటుంది, ఎండలో తిరిగే బాధ లేదు. అలివేలుకు ఆ పని ఎంత నచ్చిందంటే, తన వీధిలో ఆడవాళ్ళనందరినీ ఒక్కొక్కరినే వెంటబెట్టుకొచ్చి చేర్చింది.

చిప్పులు ఆరాక వాటి కాళ్ళ మధ్య పాచి పొరలా ఎండి ఉంటుంది. దాన్ని సన్నటి కుంచెతో దులపాలి. కుంచె గట్టిగా తగిలితే వెంట్రుకల్లాంటి ఆ కాళ్ళు వంగిపోతాయి. అందుకని చివర్లో మూతికున్న మాస్కు కిందికి లాగి, చిప్పును పెదవుల దగ్గర పెట్టుకుని, ఉఫ్ అని ఊదేవాళ్ళు. ఎవరు కనిపెట్టారో తెలియదు గానీ గదిలో అందరూ అదే పద్ధతి పట్టుకున్నారు. వకుళ అది చాలాసార్లు చూసింది. కాళ్ళు వంగిన చిప్పులు బాగా తగ్గిపోయినందుకు వాళ్ళను మెచ్చుకుంది కూడా.

పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు అలివేలు నెల తప్పింది. ఆ కబురు విన్నరోజు వకుళ లాబ్‌లో అందరికీ లడ్లు పంచి, బాత్రూములోకి పోయి కాసేపు ఏడ్చింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం చెల్లెలింటికి బయలుదేరేది. రాగిపిండి, నువ్వులుండలు, పాల క్యాన్, డాక్టరు రాసిన కాల్షియం మాత్రలు, అన్నీ ఆమె సంచిలో ఉండాల్సిందే.

"అక్కా, మోకాళ్ళు పీకతా ఉండాయి. మణికట్టు గూడా. కుంచె పట్టుకుంటే ప్రాణం పోతా ఉండాది" అంది అలివేలు ఒక ఆదివారం, ఆరో నెలలో.

"కడుపుతో ఉన్నప్పుడు అట్నే ఉంటాదిలే. బిడ్డ ఎముకలకి నీ ఒంట్లో సున్నం అంతా లాక్కుంటాది. మాత్రలు వేసుకుంటా ఉండావా, పారేస్తా ఉండావా?"

"వేసుకుంటానే ఉండా. నువ్వు తెచ్చేవన్నీ మింగతానే ఉండా. నీ దెబ్బకి నేను బిడ్డను కంటానో, దూడను కంటానో." అలివేలు నవ్వి, మళ్ళీ మోకాలు పట్టుకుంది. "అయినా మా రూములో అందరికీ నొప్పులేనక్కా. వాళ్ళేమన్నా కడుపుతో ఉండారా?"

ఆ మాట వకుళ చెవిన పడింది గానీ మనసుకు ఎక్కలేదు. లాబ్‌లో పాచి మందగిస్తే ఇంకాస్త సున్నపుతేట పోయడం ఆమెకు అలవాటు. ఇక్కడ చెల్లెలు మందగిస్తే రోజుకు ఇంకో మాత్ర పెంచింది. ఈ రెండు పనుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని ఆమెకు తోచలేదు.

మునిశేఖర్ కూడా వచ్చాక, కింద కూర్చుని ముగ్గురూ భోజనం చేస్తున్నారు. రాగి సంగటి, వేరుశనగ చట్నీ. ముద్ద నోట్లో పెట్టుకున్న అలివేలు ఉన్నట్టుండి ఆగిపోయింది. వేళ్ళతో నోట్లోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుంది. దవడ పన్ను. రక్తం కూడా పెద్దగా లేదు.

మునిశేఖర్ తినడం ఆపేశాడు. "రాయేమన్నా తగిలిందా?"

"సంగట్లో రాయి యాడిది?"

నిజమే. సంగటి నమిలేది కాదు, మింగేది. అంత మెత్తటి ముద్దకు గట్టి పన్ను ఊడి రావడమేమిటి? వకుళ పన్నును తీసుకుని చేతిరుమాలులో చుట్టింది.

"చిన్నప్పుడు నా పాలపన్ను ఊడితే ఇంటిమీదకి విసిరేదానివి గదక్కా" అంది అలివేలు, భయాన్ని నవ్వుతో కప్పుకుంటూ. "ఇదీ విసురు. కొత్తది వస్తాదేమో."

మర్నాడు పొద్దున లాబ్ తలుపు వేసుకుని వకుళ ఆ పన్నుకు గన్ ఆనించి మీట నొక్కింది. సీసం, ఏడు వందల నలభై.

హద్దు వెయ్యి. పచ్చ దీపం వెలిగింది.

వకుళ మళ్ళీ మీట నొక్కింది. మళ్ళీ పచ్చే. ఇన్నేళ్ళుగా ఆ దీపం కోసమే ఆమె బతికింది. దాని దృష్టిలో అలివేలు పన్ను మంచి సరుకు. పెట్టెలో పెట్టి ఏ దేశానికి పంపినా వెనక్కి రాదు.

క్యాంటీన్‌కు మనిషిని పంపి కోడిగుడ్డు తెప్పించింది. పాచిగది నుంచి కుంచెలతో దులిపిన ధూళి కాస్త తెచ్చి గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో కలిపి, అందులో గుడ్డుపెంకు వేసింది. ఎండి ధూళిగా మారిన పాచి చచ్చిపోయిందని ఇన్నాళ్ళూ అనుకుంది. తడి, వెచ్చదనం తగిలేసరికి అది లేచి కూర్చుంది. మధ్యాహ్నానికి పెంకు కాగితంలా పలచబడింది. పాచి పచ్చబడింది. పెంకులో సీసం నిండింది.

ఇక చెప్పుకోవడానికి ఏముంది. ఊదినప్పుడల్లా ఆ ధూళి వాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోయింది. కడుపునిండా సీసం మోస్తున్న పాచి, సున్నం కోసం వెతుక్కుంటూ ఒళ్ళంతా తిరిగింది. మనిషి ఎముకంటే సున్నం కాక మరేమిటి? అక్కడ సీసం కక్కి సున్నం తాగింది. సున్నం తగ్గిన ఒంటికి వకుళ మాత్రలతో, రాగులతో, పాలతో మళ్ళీ సున్నం పోసింది. పాచి మందగించకుండా లాబ్‌లో ఎలా చూసుకుందో, చెల్లెలి ఒంట్లో కూడా అంత శ్రద్ధగానూ చూసుకుంది.

ఆమె జయచంద్ర గదికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. పన్ను, గుడ్డుపెంకు రెండూ బల్ల మీద పెట్టింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అంకె ఎంతొచ్చిందమ్మా?"

"ఏడొందల నలభై సార్."

"హద్దెంత?"

"వెయ్యి. కానీ అది టంకానికి సార్. మనిషికి కాదు."

"మరి మనిషికి ఎంతుండొచ్చునని మన సర్టిఫికెట్‌లో ఉంది?"

ఆ సర్టిఫికెట్‌లో మనిషి ప్రస్తావనే లేదు. అది సరుకుది. మనిషి సంగతి ఇంకే చట్టంలోనో ఉంటుంది, దాన్ని ఇంకే ఆఫీసో చూసుకుంటుంది. ఆ ఆఫీసు వాళ్ళు ఈ గేటు దగ్గరకు వచ్చినట్టు ఆమెకు గుర్తులేదు.

"నేనేమన్నా రాక్షసుణ్ణా వకుళమ్మా?" అన్నాడు జయచంద్ర, నిజంగానే నొచ్చుకుని. "వచ్చేవారం ఆడిట్. అది కానియ్. తర్వాత ఫ్యాన్లు పెట్టిద్దాం, మాస్కులు మారుద్దాం, నువ్వేం చెబితే అది. ఇప్పుడు హాలు మూస్తే ఈ పనివాళ్ళంతా ఏమైపోతారు?"

ఆ సాయంత్రం వకుళ చెల్లెలి దగ్గర కూర్చుని ఉన్నదంతా చెప్పింది. మాత్రలు తీసి సంచిలో వేసుకుంది. రేపట్నుంచి పనికి పోవద్దంది. అలివేలు పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"బిడ్డకి?" అంది.

"తెల్దు. డాక్టర్ని అడిగినా. సీసాన్ని లాగే మందు ఉంది గానీ, కానుపయ్యేదాకా ఇయ్యకూడదంట. ఊదడం ఆపితే కొత్తది చేరదు. అందుకే నిన్ను మానుకోమనేది."

"నేనొక్కదాన్నే మానుకుంటే సరిపాయనా? మా వీధోళ్ళందర్నీ పిల్చకపోయి ఆడ కూర్చోబెట్టింది నేను. సుబ్బరత్నమ్మ, దొరసాని, ఇంకా చిన్నపిల్లలు ఉండారు. వాళ్ళు ఊదతా ఉంటే నేను ఇంట్లో కాళ్ళు చాపుకొని కూర్చుంటే, రేప్పొద్దున వాళ్ళ మొగాలు యాడ చూసేది?" అలివేలు కళ్ళు తుడుచుకుంది. "దాన్ని చేసింది నువ్వు. నువ్వే బాగు చెయ్యి. ఆడిటరు వస్తాడంటివి గదా, ఆయనకి చెప్పు. అందాకా నేను మాస్కు తియ్యనులే."

వకుళకు ఆ మాట నచ్చింది. ఆడిటరు అంటే చట్టం. చట్టానికి చెబితే చట్టమే చూసుకుంటుంది. ఆమె బతుకంతా ఆ నమ్మకం మీదే నడిచింది.

కొనేవాళ్ళ తరఫున బెంగుళూరు నుంచి వచ్చిన ఆడిటరు పేరు శ్రీవత్స. నెమ్మదస్తుడు, మాట మెత్తన. సరుకులోంచి తనకు నచ్చిన బోర్డులు ఏరుకుని, ఒక్కొక్క పదార్థాన్నీ గీకి విడదీసి, దగ్గరుండి గన్ పెట్టించాడు. అన్నీ పచ్చ దీపాలే. జయచంద్ర మొహంలో పండగ కనిపించింది. అప్పుడు వకుళ అందరి ముందూ నోరు విప్పింది. ధూళి, ఊదడం, పన్ను, గుడ్డుపెంకు, ఏదీ దాచలేదు.

జయచంద్ర మొహం మాడిపోయింది. శ్రీవత్స మాత్రం అంతా రాసుకున్నాడు. మధ్యలో ఆపి రెండు ప్రశ్నలు వేశాడు కూడా.

"మీరు చెప్పడం మంచిదయింది మేడమ్. చాలామంది దాచిపెడతారు. ఇది సీరియస్ విషయం," అన్నాడు. "పాచిగదిలో పనిచేసే వాళ్ళందరినీ ఇవాళే పరీక్ష చేయాలి. ఆ గన్ వాడటానికి లైసెన్సు ఉన్నది మీకే కదా?"

వకుళకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. పరీక్ష చేస్తారు, అంకెలు కాగితం మీదికెక్కుతాయి, వైద్యం చేయించక తప్పదు. గన్‌ను మనుషులకు పెట్టకూడదని దాని మీదే రాసి ఉంటుంది. అయినా, ఇంతమందికి ఈ పూటే సాక్ష్యం దొరుకుతుందంటే పరవాలేదనుకుంది. మనుషులకు హద్దు ఎంత పెట్టాలని ఆమె అడిగితే శ్రీవత్స కాస్త ఆలోచించి వంద అన్నాడు. ఎంత కరుణ గలవాడో అనుకుంది వకుళ.

ఆడవాళ్ళు వరసలో నిలబడి ఒక్కొక్కరే మణికట్టు చాపారు. వకుళ గన్ ఆనించి మీట నొక్కుతూ పోయింది. ఎరుపు. ఎరుపు. ఎరుపు. అలివేలు వంతు వచ్చినప్పుడు చెల్లెలి చెయ్యి పట్టుకుని చిన్నగా నొక్కింది, ధైర్యంగా ఉండమని. అలివేలు కూడా నవ్వింది. ఎర్ర దీపం వాళ్ళిద్దరి మొహాల మీదా పడింది.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. సరుకు చట్టానికి పూర్తిగా లోబడి ఉంది, సర్టిఫికెట్ ఇవ్వడమైనది. ఒకే ఒక లోపం కనిపెట్టడమైనది: సీసం సోకిన మనుషుల చేతుల వల్ల, ఊపిరి వల్ల శుభ్రమైన సరుకుకు మళ్ళీ సీసం అంటుకునే ప్రమాదం ఉంది. కనుక వంద దాటిన వాళ్ళెవరూ ఇకపై సరుకును ముట్టుకోకూడదు.

వకుళ ఆ కాగితం పట్టుకుని, కారు ఎక్కబోతున్న శ్రీవత్స దగ్గరకు పరుగెత్తింది.

"ఇదేంటి సార్? సరుకు వల్ల వాళ్ళకు సోకింది. వాళ్ళ వల్ల సరుక్కి కాదు."

"నేను మీతో వాదించను మేడమ్. నాకు అప్పగించింది సరుకు. సరుక్కి ఏది ముప్పో అదే నేను రాయగలను. మనిషిగా నాకు బాధగానే ఉంది," అన్నాడు. పాపం, నిజంగానే బాధగా ఉన్నట్టు కనిపించాడు. కారెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు మునిశేఖర్ వ్యాను అలివేలు వీధిలో ఎవరినీ ఎక్కించుకోలేదు. వేరే ఊరి నుంచి కొత్త ఆడవాళ్ళను ఎక్కించుకొచ్చింది. పాచిగదిలో ఊదడం మానిపించి గాలి గుంజే గొట్టాలు పెట్టారు, సరుకు మీద ధూళి పడకూడదని. పని పోయిన వాళ్ళకు లెక్క కట్టి ఇచ్చేశారు. వైద్యం మాట వకుళ ఎత్తినప్పుడల్లా జయచంద్ర నీళ్ళు నమిలాడు. "వాళ్ళిప్పుడు మన వాళ్ళు కాదు గదమ్మా."

ఆదివారం వకుళ వెళ్ళేసరికి అలివేలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వెనక అరుగు మీద సుబ్బరత్నమ్మ, దొరసాని, మిగతా వాళ్ళు. ఎవరూ పలకరించలేదు.

"ఎంతమందిని ఒక్క దినంలో రోడ్డున పడేస్తివి అక్కా."

"అట్టవుతాదని నాకు తెల్దు అలివేలూ. వైద్యం చేయిస్తారనుకున్నా."

"నీకేం తెల్దు. ఎంత సీసం ఉందో తెలుస్తాది, అంతే. సరుక్కి పెట్టే గన్ను తెచ్చి మాకు పెడితివి. నా చెయ్యి పట్టుకోని మరీ పెడితివి. నేను నవ్వినా గూడా, మా అక్క గదా అని." అలివేలు తలుపు రెక్క పట్టుకుంది. "పో. కానుపుకి గూడా రావద్దు. నిన్ను చూస్తే నాకు ఆ ఎర్రలైటే కనపడతా ఉండాది."

తలుపు మూసుకుంది. వకుళ వీధి చివరి దాకా నడిచి, పాల క్యాన్ చేతిలోనే ఉందని చూసుకుని, అక్కడే కూలబడి ఏడ్చింది.

ఉద్యోగం మానేస్తానని కాగితం రాసి, చించేసింది. చేసిన పాడు పనిని బాగుచేసే సాధనం కూడా ఆ లాబ్‌లోనే ఉంది మరి. డాక్టర్ల చుట్టూ తిరిగి సీసాన్ని లాగే మందు సంపాదించి పెట్టుకుంది. ఎముకలో దిగిన సీసం ఎంతకాలానికి కదులుతుంది, ఎంత మందు పడుతుంది, ఇదే ధ్యాస. చెల్లెలి ఎముకలు తప్ప ఆమెకు ఇంకేమీ కనిపించలేదు. కానుపు కాగానే వెళ్ళి కాళ్ళు పట్టుకునైనా మందు వేయించాలనుకుంది. ఆడపిల్ల పుట్టిందని, ఇద్దరూ క్షేమమని మునిశేఖర్ దొంగతనంగా ఫోన్ చేసి చెప్పాడు. "ఇప్పుడే రావద్దు వదినా. నీ పేరెత్తితే ఏడుస్తా ఉండాది. నేను మెల్లగా చెప్తాలే" అన్నాడు. వకుళ ఆగింది. ఆగమంటే ఆగింది, అంత తెలివైన మనిషి.

కానుపై మూడు నెలలు నిండాక కబురొచ్చింది. పాపకు పేరు పెడుతున్నారు, అలివేలే రమ్మంది.

వకుళ సంచిలో మందు, గన్ రెండూ పెట్టుకుని వెళ్ళింది. వాకిట్లో అడుగు పెట్టగానే చెల్లెల్ని చూసి నిలబడిపోయింది. అలివేలు నీళ్ళ బిందె చంకన పెట్టుకుని మెట్లెక్కి వస్తోంది. నిన్నటిదాకా మోకాలు పట్టుకుని లేచిన మనిషి! బుగ్గలు నిండాయి. కళ్ళలో మెరుపు వచ్చింది.

"ఏమ్మే అక్కా, ఆడే నిలబడిపోతివి? లోపలికి రా." బిందె దించి వచ్చి వకుళను కావలించుకుంది. "శానా మాటలంటి నిన్ను. మనసులో పెట్టుకోవద్దు."

వకుళ చెల్లెలి భుజం మీద తల పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. ఇన్ని నెలల్లో ఆమెకు దక్కిన సుఖం అదొక్కటే.

"నొప్పులు?" అంది తేరుకున్నాక.

"పాయె. అంతా పాయె. పాలు పడిన కాడ్నుంచి దినదినానికీ తగ్గతా వచ్చె. పోయిన వారం కంపెనీ వాళ్ళు మళ్ళా పిలిపించిరి, పాతోళ్ళకి చేయి తిరిగిన పని గదా. నువ్వు డాక్టర్ల కాడికి పోయిన దినం, లాబ్ పిల్లోడి చేత మళ్ళా గన్ను పెట్టించి చూసిరి. నాకు పచ్చలైటు వచ్చె! ఒకటో తారీకు నుంచి పనికి రమ్మన్నారు. సుబ్బరత్నమ్మోళ్ళకి ఇంకా ఎరుపే, పాపం. నాకొక్కదానికే పాయె." అలివేలు చాప మీద కూర్చుని, ఉయ్యాల్లోంచి పాపను తీసుకుని పైట కప్పి పాలకు పెట్టుకుంది. రెండో చెయ్యి చాపింది. "నమ్మవా? సంచిలో తెచ్చుకోనుంటావుగా నీ గన్ను. పెట్టుకో. ఈసారి కోప్పడనులే."

వకుళ గన్ తీసి ఆ మణికట్టుకు ఆనించింది. పచ్చ దీపం. అంకె దాదాపు సున్నా. సున్నపుతేటలో ముంచి తీసినట్టు, అంత శుభ్రంగా.

"చూస్తివా!" అంది అలివేలు. ఆమె కళ్ళలో చిన్నప్పుడు పరీక్ష పాసై వచ్చినప్పటి సంతోషం ఉంది. "అయినా నాకు తెల్దు అక్కా, అంత సీసం యాడికి పోయిందంటావు?"

నీలిమా సర్క్యూట్స్‌లో ఇన్నేళ్ళలో ఏ ఒక్కరూ అడగని ప్రశ్న అది. జయచంద్ర అడగలేదు, ఆడిటరు అడగలేదు, వకుళ అడగలేదు. ఇప్పుడు అలివేలు అడిగింది, ఊరికే, మాటవరసకు.

వకుళ చూపు చెల్లెలి మణికట్టు మీంచి పైట మీదికి పోయింది. పైట కింద చిన్న తల మెల్లగా కదులుతోంది. పాచికి సున్నం కావాలి. గట్టి ఎముక కంటే దానికి తేలిగ్గా దొరికే సున్నం ఆ ఒంట్లో మూడు నెలలుగా ఊరుతోంది. పాలంటే సున్నమేనని, ఆదివారం ఆదివారం క్యాన్‌తో పాలు మోసుకొచ్చిన మనిషికే తోచలేదు. ఎముకల్లో తను కక్కిన సీసాన్నే మళ్ళీ తిని లేచి, పాలల్లోకి చేరి, అక్కడ బరువు దించుకుంది పాచి. సరుకును ఎలా శుభ్రం చేసిందో అలివేలును కూడా అలాగే శుభ్రం చేసింది. డ్రమ్ములు లేవు, లారీ లేదు. పోవాల్సిన చోటు ఒళ్ళోనే ఉంది.

ఆమె గన్ కింద పడేసి, వంగి, పాపను రొమ్ము మీంచి లాగేసుకుంది.

"అయ్యో, అదేంది అక్కా!" అలివేలు ఉలిక్కిపడి, అంతలోనే నవ్వేసింది. ఇన్నాళ్ళకు చెల్లెలి బిడ్డను చూసిన ఆత్రం అనుకుంది. "మెల్లిగా. మెడ ఇంకా నిలవలేదు దానికి."

మూడు నెలలు నిండిన పాప వకుళ చేతుల్లో వడిలిన తోటకూరలా వేలాడింది. పెదవుల మీద పాలు. కళ్ళు తెరిచే ఉన్నాయి, దేన్నీ చూడటం లేదు. వకుళ అరికాలు గిల్లింది. గట్టిగా గిల్లింది.

"చూస్తివా అక్కా, పాలు తాగతా ఉంటే లాక్కున్నా ఏడ్వదు" అంది అలివేలు మురిసిపోతూ, పైట సర్దుకుంటూ. "పుట్టినప్పుడు ఇల్లెగిరిపోయేట్టు అరిచింది. ఇప్పుడు అసలు ఏడ్వనే ఏడ్వదు. వీధంతా అంటా ఉండారు, ఇట్టాంటి బంగారు బిడ్డను యాడా చూడలేదని."